ఆరని గేదె

నా చిన్నప్పుడు చోడవరంలో నీళ్ళకు లోటుండేది కాదు. రైవాడ కాలవ వదిలితే మళ్ళలో నీళ్ళు, గట్ల మీద నీళ్ళు, గట్టిగా వాన పడితే మా ఏడో తరగతి గదిలో బెంచీ ఎత్తు నీళ్ళు. లోటల్లా నకిలీ నీళ్ళకే. ఒక్క గరిటెడు నకిలీ నీళ్ళ కోసం పన్నెండేళ్ళ వయసులో నేను పడ్డ పాట్లు ఇంకెవరైనా పడి ఉంటే, ఆ ఓపికతో రైవాడ పక్కనే ఇంకో రెండు డ్యాములు కట్టి, మూడోదానికి శంకుస్థాపన కూడా చేసి ఉండేవాళ్ళు. ఆ నెల రోజులు తలచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను. ఈ వయసులో పళ్ళు నూరుకోవడం మంచిది కాదని డాక్టరు చెప్పినా సరే.

దీనంతటికీ కారణం సముద్రం. మా ఊరి నుంచి విశాఖపట్నం ఎర్ర బస్సులో రెండు గంటలు. మా ముగ్గురన్నయ్యలూ నాన్న వెంట వెళ్ళి సముద్రాన్ని ఎన్నోసార్లు చూసి వచ్చారు. బయల్దేరే ప్రతిసారీ నేను జడలు వేసుకుని, గౌను తొడుక్కుని గుమ్మంలో నిలబడేదాన్ని. ప్రతిసారీ మా అమ్మ నన్ను జడ పట్టుకుని లోపలికి లాగేది. "ఆడగుంటవి, నీకెందుకే సముద్రం? బస్సులో వాంతులు సేసుకుంటావు" అనేది. నేను బస్సులో ఒక్కసారే వాంతి చేసుకున్నాను. అదీ నాకు మూడేళ్ళప్పుడు. మా ఇంట్లో దాన్ని మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

అందుకని నేను బళ్ళో అబద్ధం చెప్పాను. సముద్రం చూశానన్నాను. మొదట్లో చిన్న అబద్ధమే. పెంచి పోషించినదాన్ని నేనే. మొదటి నెల కెరటం తాటిచెట్టంత ఉంది. దసరా సెలవుల తరవాత రెండు తాటిచెట్లంత అయింది. ఆరో తరగతి పరీక్షలనాటికి ఓ ఓడ కెప్టెన్ నన్ను చూసి టోపీ తీసి వంగాడు. తిమింగలం ఒకటి ఒడ్డుకొచ్చి నా చేతిలో మరమరాలు తిని వెళ్ళింది. క్లాసంతా నోళ్ళు తెరుచుకుని వినేది. ఏడో తరగతిలో ఒక కొత్త పిల్ల చేరింది. వాళ్ళ నాన్న విశాఖ పోర్టులో పని మానేసి మా ఊళ్ళో సైకిలు షాపు పెట్టుకున్నాడు. మేమంతా ఆ పిల్లను పోర్టు పిల్ల అనేవాళ్ళం. పుట్టిందీ పెరిగిందీ సముద్రం పక్కనే. నా తిమింగలం కథ చెబుతుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చివరిదాకా వినేది. కాదనేది కాదు, అవుననేది కాదు. ఆ పిల్ల ఒక్కసారి నోరు విప్పితే నా రెండేళ్ళ సముద్రం ఇంకిపోతుంది. ఆ మౌనానికి భయపడి నేను మూడు కిలోలు తగ్గాను. అప్పటికి నా బరువే పాతిక కిలోలు.

అలాంటి సమయంలో మా డ్రాయింగు మాస్టారు ఓ కబురు చెప్పారు. మట్టితో బొమ్మలు చెయ్యాలి. నెల తరవాత పై ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చి చూస్తారు. అన్నిటికంటే బాగున్న బొమ్మ చేసినవాళ్ళను మాస్టారూ వాళ్ళావిడా విశాఖపట్నంలో జరిగే ప్రదర్శనకు తీసుకెళ్తారు. మూడు రోజులు. సాయంత్రాలు బీచి. నాకు చెవుల్లో హోరు వినిపించింది. పోర్టు పిల్ల నోరు విప్పేలోపల నేను సముద్రాన్ని చూసి వచ్చేస్తే, చెప్పిన అబద్ధమంతా వెనక్కి వెనక్కి నిజమైపోతుంది కదా. ఇది నా లెక్క. ఇందులో తప్పెక్కడుందో నాకు అప్పుడు తెలియలేదు.

బొమ్మ ఏం చెయ్యాలన్నది నాకు క్షణంలో తట్టింది. మా తాతయ్య కాలవలో మా గేదెను కడుగుతున్నట్టు. కాలవ గట్టు నుంచి బంకమన్ను తెచ్చాను. ఆరు రోజులు పిసికాను. గేదె ఎలా కుదిరిందంటే, ఈ ఒక్క మాటా పెంచకుండా చెబుతున్నాను, చాలా బాగా కుదిరింది. మా గేదెకున్నట్టే ఎడమ కొమ్ము కాస్త కిందికి వంగి, వీపు మీద ఎముక పొడుచుకొచ్చి ఉంది. తాతయ్య మాత్రం గుమ్మడికాయకు గోచీ కట్టినట్టొచ్చాడు. ఆయనా చూసి ఏమీ అనుకోలేదు. "నానిలాగే ఉంటానేటే?" అని ఒక్కసారి అడిగి, తరవాత రెండు రోజులు అన్నం తగ్గించాడంతే. అలంకారంగా కాలవలో రెండు తామరపువ్వులు, ఒక హంసను పెట్టాను. చెక్క పలక మీద అన్నీ అమర్చి నీడలో ఆరబెట్టాను. ఇక మిగిలింది నీళ్ళు. నీళ్ళదేముంది, పోస్తే సరి అనుకున్నాను.

పోశాను. కాల్చని మట్టికీ నీళ్ళకీ ఉన్న బంధుత్వం నాకు పది నిమిషాల్లో తెలిసింది. గేదె ముందు మోకాళ్ళ మీద వంగింది. భక్తి అనుకున్నాను. తరవాత పక్కకి ఒరిగింది. తాతయ్య నడుం దాకా కరిగి, చేతిలో గడ్డిచుట్టతో సహా హంస మీద పడ్డాడు. కాళ్ళు మళ్ళీ చేసి, తాతయ్యను మళ్ళీ నిలబెట్టి, ఆరడానికి నాలుగు రోజులు కాపలా కాశాను.

రెండోసారి తెలివి తెచ్చుకున్నాను. అన్నం వార్చిన గంజిలో బట్టల నీలిమందు కలిపి పోశాను. పోసినప్పుడు బ్రహ్మాండం. ఆరాక పగుళ్ళిచ్చి, జిల్లా మొత్తానికి కరువొచ్చినట్టు తయారైంది. వాసనకైతే మా వీధి కుక్కలు మకాం మార్చాయి. తరవాత మిఠాయి పొట్లాలకు చుట్టే జిలెటిన్ కాగితం పరిచాను. గేదెను ఎవరో పుట్టినరోజు కానుకగా పంపినట్టుంది. తరవాత నాన్న గడ్డం గీసుకునే అద్దం తెచ్చి కింద పెట్టాను. నీళ్ళలాగే మెరిసింది. కానీ వంగి చూసినవాళ్ళకు కాలవ కనబడదు, వాళ్ళ ముక్కు రంధ్రాలు కనబడతాయి. మా పెద్దన్నయ్య అందులో పావుగంట చూసుకుని మీసం వస్తోందని సంతోషించి వెళ్ళాడు. నా బొమ్మ గురించి ఒక్క మాట లేదు. నాన్న అద్దం కోసం ఇల్లంతా వెతికి, సగం గడ్డంతో పనికి వెళ్ళాడు.

నీళ్ళంత మొండి వస్తువు లోకంలో లేదని నాకు ఆ వారంలో తెలిసింది. రాయి చెయ్యొచ్చు, చెట్టు చెయ్యొచ్చు, మనిషిని కూడా గుమ్మడికాయలాగైనా చెయ్యొచ్చు. నీళ్ళకు రంగు లేదు, ఆకారం లేదు, పట్టుకోవడానికి పిడి లేదు. దేన్ని చూసి చెయ్యడం? మొన్నామధ్య మా మేనకోడలు ఫోనులో చూపించింది. ఇప్పుడు రెండు సీసాల్లోని జిగురు మందులు కలిపి పోస్తే, గంటల్లో గాజులాంటి నీళ్ళు గడ్డకట్టి కూర్చుంటున్నాయి. లోపల చేపలు కూడా కనబడుతున్నాయి. "ఎంత ఈజీయో సూడత్తా" అంది. నాకు ఆ పిల్ల మీద ఎంత కోపమొచ్చిందంటే, పెట్టిన పకోడీల ప్లేటు వెనక్కి తీసుకున్నాను.

సరే, అయిదో ప్రయత్నం. ఒకనాడు మా అమ్మ కొబ్బరి లౌజుకు పాకం పడుతోంది. గరిటె ఎత్తితే తీగ సాగింది. తళతళ. అటు పక్క గోడ కూడా కనిపించేటంత స్వచ్ఛం. చెరకు తోటల మధ్య పుట్టిన పిల్లకు అంతకంటే ఏం కావాలి? మా ప్రాంతంలో పుట్టిన ఏ బుర్రకైనా ఆ ఆలోచనే వస్తుంది. ఇంకో ప్రాంతంలో పుట్టిన బుర్ర ఇంకాస్త ఆలోచిస్తుంది. అమ్మ వీధిలోకి వెళ్ళగానే డబ్బాలో ఉన్న నెలకు సరిపడా పంచదారంతా గిన్నెలో వేసి, తీగపాకం దాటించి, గట్టిపడే పాకం చేసి, వేడిగా గేదె చుట్టూ పోశాను.

ఏం చెప్పమంటారు! సాయంత్రం ఎండ పడేసరికి అది పాకం కాదు, కాలవే. గేదె పొట్ట నీడ అందులో వణికింది. తాతయ్య వచ్చి చూసి, అలవాటుగా పంచె పైకి దోపుకున్నాడు. అమ్మ పంచదార సంగతి తెలిసి కూడా కొట్టడం మరిచిపోయింది. విశాఖపట్నం బస్సులో కిటికీ పక్క సీటు నాకే ఖాయమని పడుకున్నాను.

తెల్లారి చూస్తే కాలవ నల్లగా ఉంది. దగ్గరికెళ్ళాను. కదులుతోంది. చీమలు! మా ఇంటి చీమలు ఎన్నని? కె.కోటపాడు నుంచి ఒక దండు, బుచ్చయ్యపేట నుంచి ఒక దండు వచ్చాయి. దేవరాపల్లివి దూరాభారం కదా, కాస్త ఆలస్యంగా పెద్ద చీమలను వెంటబెట్టుకుని వచ్చాయి. తామరపువ్వుల మీద చీమలు, హంస మీద చీమలు, తాతయ్య గోచీలో చీమలు. నా కాలవ మొట్టమొదటిసారి నిజంగా పారింది. పలక మీంచి దిగి, గోడెక్కి, కిటికీలోంచి బయటకి. మధ్యాహ్నానికి ఉక్కకు మిగిలిన పాకం చెమట పట్టి, జిగురై, గేదెను ఎత్తబోతే చెక్క కూడా లేచింది.

అప్పుడు గుర్తొచ్చింది అమ్మకు, కొట్టలేదని. "నెలంతా సక్కిర్లేని టీ తాగాలి మీ తాత! నీల్లు కావాలంటే నుయ్యి నేదేటే? బిందె నేదేటి? సముద్రం ఎల్తాదంట సముద్రం!" అని ఒక్కో ప్రశ్నకు ఒక్కోటి చొప్పున వడ్డించింది. నాకు దెబ్బలకు ఏడుపు రాలేదు. గేదె కాళ్ళ సందుల్లోంచి జిగురు గోకుతుంటే వచ్చింది. ఇంకా నాలుగు రోజులే ఉంది. గేదె ఉంది, తాతయ్య ఉన్నాడు, నీళ్ళు లేవు. నీళ్ళు లేకపోతే సముద్రం లేదు.

పక్కింటివాళ్ళు అప్పుడు కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. తలుపులకు పాలిష్ పెట్టడానికి అనకాపల్లి నుంచి ఒక ముసలాయన రోజూ మొదటి బస్సుకు వచ్చేవాడు. మేం పాలిష్ తాత అనేవాళ్ళం. గడ్డానికి గోరింట, చేతులకు లక్క. ఆయన సలాం పెడితే ఆ అరచేతుల్లో మన మొహం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు. ఆ రోజు మధ్యాహ్నమంతా నేను వాళ్ళ గోడవతల కూర్చుని గేదెను గోకుతూ, ఏడుస్తూ, నీళ్ళను, చీమలను, దేవుణ్ణి వరసగా తిడుతుంటే ఆయన తలుపు రుద్దుతూ అంతా విన్నాడు.

మర్నాడు పొద్దున్న అమ్మ ఆయనకు టీ ఇచ్చి రమ్మంది. చక్కెర లేని టీయే. గ్లాసు పట్టుకుని వెళ్ళాను. కుళాయి దగ్గర నుంచి ఇంటి మెట్ల మీదుగా ఎవరో తడికాళ్ళతో నడిచిన అడుగులు. గుమ్మం ముందు చాటంత నీళ్ళ మడుగు. నేను పరికిణీ పైకెత్తి, అడుగుల మధ్య ఆచితూచి మునివేళ్ళ మీద నడిచి, మడుగు మీంచి ఒక్క గెంతు గెంతాను. టీ సగం నేల మీద పడింది. పాలిష్ తాత పీట మీద నుంచి పడిపోయేలా నవ్వాడు.

"ఏటి బేటీ, అలా గెంతేవు?"

"నీల్లు కదా తాతా!"

"ముట్టుకో."

ముట్టుకున్నాను. ఎండిన సిమెంటు. పొడిగా, వెచ్చగా. అరచెయ్యి మొత్తం ఆనించి రుద్దాను. చుక్క తడి లేదు. కళ్ళకు మాత్రం నీళ్ళే. ఇంతలో గ్లాసు కోసం వచ్చిన అమ్మ గుమ్మం చూసి, "ఎవులమ్మా కొత్తింట్లో ఈ నీల్లు ఒలకబోసింది? జారిపడరా?" అంటూ కొంగు దోపుకుని, గుడ్డ పట్టుకుని తుడవడం మొదలుపెట్టింది. తుడిచింది. పిండి చూసింది. మళ్ళీ తుడిచింది. నా అబద్ధాలను గుమ్మం దాటకుండానే పట్టేసే మా అమ్మ! ఆ మడుగును తుడవడానికి ఆవిడ వాడిన బలంతో మా ఇల్లు రెండుసార్లు అలకొచ్చు. ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు తరవాత రెండేళ్ళ పాటు పట్టుచీరలు ఎత్తిపట్టుకుని ఆ మడుగు దాటే లోపలికి వెళ్ళారు.

అది వార్నీషు. రంగులేని పల్చటి వార్నీషు సిమెంటు మీద పూస్తే, తడిస్తే ఎలా నల్లబడి మెరుస్తుందో అలాగే నల్లబడి మెరుస్తుంది. ఆయన తన పాదం అచ్చు చూసుకుని గుడ్డ ఉండతో అడుగులద్దాడు. నేను కాళ్ళ మీద పడబోయి, సీసాడు వార్నీషు ఇమ్మన్నాను, కాలవ నిండా పోసుకుంటానన్నాను. పాలిష్ తాత తల అడ్డంగా ఊపాడు. "నాను నీల్లు సెయ్యలేదమ్మా. తడి సేసేను. నీల్లు మీయమ్మే తెచ్చుకుంది" అన్నాడు. అమ్మ గుడ్డ పట్టుకుని ఇంకా ఆయన వంక అనుమానంగానే చూస్తోంది.

అన్నం తినే వేళ మా ఇంటికొచ్చి పలక చూశాడు. చాలాసేపు చూశాడు. గేదె వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. తరవాత వేలితో హంసను చూపించాడు.

"ఇదేటి?"

"అంస తాతా."

"రైవాడ కాలవలో అంసని ఎప్పుడు సూసేవు తల్లీ?"

"అందంగా ఉంటాదని..."

"తామరపూలు?"

ఆయన హంసను, పువ్వులను తీసి నా చేతిలో పెట్టాడు. "సూడు బేటీ. బొమ్మకి ఒక్క అబద్దం సాలు. తడి అబద్దం. మిగతాదంతా నిజం అవ్వాల. గేద నిజం, గట్టు నిజం, మీ తాత నిజం. అప్పుడా ఒక్క అబద్దాన్నీ అందరూ కలిసి మోస్తారు. రెండోది పెట్టేవా, మొదటిది కూడా దొరికిపోద్ది" అన్నాడు. అబద్ధాల్లో నాకు రెండేళ్ళ అనుభవముంది కనక ఆ మాట నాకు నచ్చలేదు. నా పద్ధతి వేరు. ఒకటి దొరికేలా ఉంటే పక్కన పది పెట్టడం.

ముందు గేదె నీళ్ళలోంచి ఎలా వస్తుందో చూసి రమ్మన్నాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కదా అని విసుక్కుంటూ తాతయ్య వెనకాల కాలవకు వెళ్ళాను. పుట్టినప్పటి నుంచి నేను ఏమీ చూడలేదని అరగంటలో అర్థమైంది. కాలవ నీళ్ళు నీలం కావు, పాలు తక్కువైన టీ రంగు. నేనేమో పావుకిలో నీలిమందు ఖర్చుపెట్టాను! గట్టు మీద నిలబడ్డ గేదె బూడిద రంగులో ఉంటుంది, సరిగ్గా ఎండిన మట్టి రంగు. నీళ్ళలోంచి లేచినప్పుడే నల్లగా నిగనిగలాడుతుంది. మునిగినంత మేరా నల్లన, మునగని వీపు బూడిద, మధ్యలో గీత గీసినట్టు అంచు. నీళ్ళు ఒంటి మీద ఎక్కడ పడితే అక్కడ కారవు. పొట్ట కిందికి చేరి, అన్నిటికంటే కిందికి వేలాడే చోట ఆగి, ఆలోచించుకుని, చుక్కగా రాలతాయి. డెక్క పడిన చోట గుంటలో నీరు ఊరుతుంది. గట్టు మట్టి తడిసిన చోట నల్లగా, ఆరుతున్న అంచున గోధుమ రంగులో ఉంటుంది. తాతయ్య గోచీ తొడకు అంటుకుపోయి ఉంటుంది.

తిరిగొచ్చి నేనే కాలవను పలక మీంచి చెక్కి పారేశాను. మొత్తం కాలవ! ఏ కాలవ కోసం గంజి, అద్దం, పంచదార, నా వీపు ఖర్చయ్యాయో ఆ కాలవ. ఇప్పుడు నా గేదె అప్పుడే నీళ్ళలోంచి గట్టెక్కుతోంది. నీళ్ళు పలక అవతల ఎక్కడో ఉన్నాయి. పాలిష్ తాత దగ్గర కూర్చుని, గుడ్డ ఉండతో పల్చగా అద్ది, ఆరనిచ్చి, మళ్ళీ అద్ది, రెండు రోజులు తడి చేశాను. పొట్ట కింద, మూతి కింద చిక్కటి వార్నీషు ఒక్కో బొట్టు వేలాడదీసి గట్టిపడనిచ్చాం. తాతయ్యకు గోచీ నుంచి కిందికి తడి. డెక్కల గుంటల్లో తడి. పలక అంచుదాకా సన్నటి ధార. ఆయన చివరి బొట్టు చూసి, "బస్. ఇంక ముట్టుకోకు" అన్నాడు. ఇంకాస్త పూద్దామని నా వేళ్ళు ఎంత పీకాయో నాకే తెలుసు.

ప్రదర్శన రోజు బొమ్మలన్నీ బల్లల మీద పెట్టారు. ప్రతి బల్ల మీదా ‘బొమ్మలను ముట్టరాదు’ అని ఎర్ర సిరాతో అట్టలు. నా దస్తూరీ బాగుంటుందని మాస్టారు అన్నీ నా చేతే రాయించారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ఒక్క నిమిషంలో మీకే తెలుస్తుంది. పై ఊరి పెద్దాయన వచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. ఆ గంజి పట్టే పట్టు ముందు నా గంజి కాలవ దిగదుడుపు. నా బల్ల దగ్గర ఆగారు. ఆగి, ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఇదేమిటి మాస్టారూ, పచ్చిదే పట్టుకొచ్చి పెట్టేశారు?"

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూసి, బల్ల తడుస్తుందేమోనని కింద కాగితం కూడా దోపారు. "ఎప్పుడు చేశావమ్మా?" అన్నారు.

"ఆరి పదిరోజులైందండి."

"మరి ఈ నీళ్ళేమిటి?" అన్నారు పెద్దాయన.

"నీళ్ళు కావండి."

"మరి?"

"తడండి."

హాలంతా నవ్వింది. మా పెద్దన్నయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. ముట్టుకోండి సార్, ఒక్కసారి ముట్టుకోండి అని బతిమాలాను. ఆయన నా ఎర్ర సిరా అట్ట వంక చూశారు, తన తెల్ల చేతిమడత వంక చూసుకున్నారు. "గేదె బాగుంది. జీవం ఉంది. కానీ ఆరనిది తీసుకెళ్తే దారిలో విరిగిపోతుంది. వచ్చే ఏడు ముందుగా మొదలుపెట్టు తల్లీ" అని, కాగితం మీద ‘ఆరలేదు’ అని రాసుకుని పక్క బల్లకు వెళ్ళిపోయారు. పక్క బల్ల మీద మట్టితో చేసిన పంచదార ఫ్యాక్టరీ ఉంది. గొట్టంలో అగరొత్తి వెలిగించి పెట్టారు. దాన్నే ఎంపిక చేశారు. పంచదార చేతిలో నేను ఓడిపోవడం నెలలో అది రెండోసారి.

నా ఒళ్ళు మండిపోయింది. నీళ్ళలా లేదని అద్దం పోయింది, గంజి పోయింది, పాకం పోయింది. ఇప్పుడు నీళ్ళలా ఉందని గేదె పోయింది. ఏం చేస్తే కుదురుతుంది ఈ లోకానికి? బాగా చెయ్యకపోతే ఒక తంటా, బాగా చేస్తే అంతకంటే పెద్ద తంటా. పైగా మా బడి ప్యూను పాపం మంచివాడు. బొమ్మను పలకతో సహా జాగ్రత్తగా ఎత్తి వరండాలో ఎండ పడే చోట పెట్టి, "సాయంత్రానికి ఆరిపోద్దిలే, ఏడవకు" అన్నాడు. అది సాయంత్రందాకా ఎండలో ఉంది. ఆరలేదు.

వరండాలో దాని పక్కనే కూర్చున్నాను. విశాఖపట్నం పోయింది. సముద్రం పోయింది. అప్పుడు పోర్టు పిల్ల వచ్చి అవతలి పక్క కూర్చుంది. కాసేపు చూసి, మెల్లగా వేలు చాచి, గేదె పొట్ట కింద వేలాడుతున్న బొట్టును ముట్టుకుంది. వేలు చూసుకుంది. మళ్ళీ ముట్టుకుంది. ఆ రోజు బళ్ళో నా బొమ్మను ముట్టుకున్నది ఆ పిల్ల ఒక్కతే.

"పొడిగుందే!"

"నానూ అదే సెప్పేను, ఎవులిన్నారు?"

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "నువ్వు సముద్రం సూణ్ణేదు కదే" అంది. అడిగినట్టు కాదు. టైమెంతయిందో చెప్పినట్టు అంది.

"ఎవులన్నారే?"

"ఇంత తడి సెయ్యడం వచ్చినదానివి. సముద్రం గురించి సెప్పినప్పుడు ఒక్కసారి కూడా తడవనేదు నువ్వు. ఓడ వచ్చింది, తిమింగలం వచ్చింది. నీ పరికిణీ ఎక్కడా తడవనేదు."

కొత్త అబద్ధం ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. కెప్టెన్ గొడుగు పట్టాడని. కానీ నా ముందు గేదె ఉంది. దాని మీద ఒక్క అబద్ధమే ఉంది. "సూణ్ణేదు. నన్ను తీసుకెల్లరు" అన్నాను. ఆ మాట బయటకి చెప్పడం అదే మొదటిసారి.

ఆ పిల్ల నవ్వలేదు. క్లాసుకు చెబుతానని కూడా అనలేదు. మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, ఎండలోకి చూస్తూ చెప్పుకుపోయింది. సముద్రం దగ్గరికెళ్ళొచ్చిన పరికిణీ అంచులో ఇసక దాక్కుంటుందట, రెండు ఉతుకులైనా పోదట. వాళ్ళింటి కిటికీ ఊచలు తుప్పు పట్టి పెచ్చులుగా ఊడేవట. వాళ్ళమ్మ సాయంత్రం తల దువ్వుతుంటే దువ్వెన ఆగిపోయేదట, జుట్టంతా జిడ్డు, పెదాలు నాకితే ఉప్పు. "ఈడ మా కిటికీకి తుప్పే పట్టదే. నాకు నిద్రట్టదు" అంది. అప్పుడు తెలిసింది, నా తిమింగలం కథలు ఆ పిల్ల ఎందుకు చివరిదాకా వినేదో. ఎక్కడైనా ఒక చుక్క తగులుతుందేమోనని. కెరటం ఎంత ఎత్తో ఆ పిల్ల ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకు మాత్రం ఆ వరండాలో కూర్చున్నచోటే పాదాలు చల్లబడ్డాయి.

ఆ పిల్ల నా గుట్టు ఎవరికీ చెప్పలేదు. నేనే మానేశాను. తిమింగలం ఇంక తిరిగి రాలేదు.

నిజం సముద్రాన్ని ఎన్నో ఏళ్ళ తరవాత చూశాను. దాని ఎత్తు నాకు గుర్తులేదు. ఇంటికొచ్చి చీర అంచు మడత విప్పి చూసుకున్నది గుర్తుంది. ఇసక మూడో ఉతుక్కి కూడా రాలింది.

నవ్వించే రాతలు రాసుకు బతుకుతున్నాను కనక, పాలిష్ తాత నియమాన్ని రోజూ తప్పుతూనే ఉన్నాను. దేవరాపల్లి చీమల విషయంలో కూడా నా మీద నాకు కొంచెం అనుమానముంది. కానీ ఎవరేం చెప్పినా ముందు తడి ఎక్కడుందా అని వెతికే అలవాటు మాత్రం ఆ రోజు నుంచి పోలేదు. పోయిన నెల వరసకు వదిన అయ్యే ఒకావిడను చూడ్డానికి వెళ్ళాను. వాళ్ళాయన పోయి నలభై రోజులైంది. నవ్వుతూ కుర్చీ వేసింది. బాగానే ఉన్నానంది, ఇప్పుడే భోంచేశానంది, వంకాయ కూర అని కూడా చెప్పింది. మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాను. మధ్యాహ్నం రెండైంది. పొయ్యి గట్టు పొడిగా ఉంది. తోమాల్సిన గిన్నె ఒక్కటీ లేదు. బోర్లించిన కంచం మీద సన్నటి దుమ్ము. మసిగుడ్డ ఎండి, అట్టలా బిగుసుకుపోయి ఉంది.

"బియ్యం ఎక్కడ పెట్టేవు వదినా?" అని అడిగి, కుళాయి తిప్పాను.